చార్లీ బేకర్ గారూ, ఆ 3,649 పాయింట్లు ఎవరి ఖాతాలో రాశారు?

అమెరికా కాలేజీల ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ అధ్యక్షులు చార్లీ బేకర్ గారికి,
మహిళల బాస్కెట్‌బాల్ రికార్డుల పుస్తకం చూసుకునే అధికారులకు,
ఇండియానాపొలిస్.

జూన్, 2024

అయ్యా,

లినెట్ వుడార్డ్ 1977 నుంచి 1981 దాకా కాన్సస్ యూనివర్సిటీ జట్టుకు నాలుగు సీజన్లు ఆడారు. 139 మ్యాచ్‌లు, 3,649 పాయింట్లు. పెద్ద యూనివర్సిటీల మహిళల బాస్కెట్‌బాల్‌లో ఆ అంకెను 43 ఏళ్ల పాటు ఎవరూ అందుకోలేకపోయారు. ఈ ఫిబ్రవరి 28న మినెసోటాలో ఐయోవా అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ 33 పాయింట్లు కొట్టి 3,650 దగ్గర ఆగింది. సరిగ్గా ఒక్క పాయింటు ఎక్కువ. ఆట తెలిసినవాళ్లంతా ఆ రాత్రి ఆ ఒక్క పాయింటు గురించే మాట్లాడుకున్నారు. మీ పుస్తకం ప్రకారం మాత్రం మొత్తం పాయింట్ల రికార్డేదీ ఆ రాత్రి బద్దలవలేదు. ఎలా బద్దలవుతుంది? మీ పుస్తకంలో లినెట్ వుడార్డ్ అనే ఆవిడ ఒక్క బాస్కెట్ కూడా వేయలేదు. ఆవిడ ఆడిన రోజుల్లో ఆడపిల్లల ఆటలు మీరు నడపలేదు మరి.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక కాన్సస్‌కు వచ్చి స్థిరపడ్డదాన్ని. మీకు ఇంగ్లీషు ప్రతి వేరుగా పంపుతున్నాను. దీన్ని తెలుగులో నలుగురి ముందూ పెట్టడం మావాళ్ల కోసం. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్ల ముందు హూప్, అంటే బంతి వేసే రింగు, కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆడపిల్లలు శనాదివారాలు టోర్నమెంట్లంటూ తిరుగుతుంటే, అమ్మానాన్నలు జిమ్ముల్లో మడత కుర్చీలేసుకుని కూర్చుంటున్నారు. ఆ పిల్లలకు క్లార్క్ వేసిన ప్రతి షాటూ నోటికి వచ్చు. వుడార్డ్ ఎవరని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లననడానికి లేదు. వాళ్లు ఫోన్లో చూసే జాబితా మీరు తయారు చేసిందే.

మీకు తెలిసిన కథే అయినా, మావాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను.

1970ల్లో ఎన్‌సీఏఏ అంటే మగపిల్లల ఆటలు. ఆడపిల్లల సంగతి పట్టించుకునేవాళ్లు లేక, కాలేజీల్లో వ్యాయామ విద్య చెప్పే మహిళలే 1971లో ఏఐఏడబ్ల్యూ అనే సంఘం పెట్టుకున్నారు. నియమాలు వాళ్లే రాసుకున్నారు, జాతీయ ఛాంపియన్‌షిప్పులు వాళ్లే నడిపారు. 1972 జూన్‌లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా అని తేడా చూపకూడదన్నది దాని సారాంశం. అప్పుడు మీ సంస్థ ఏం చేసింది? డబ్బు తెచ్చే ఆటలను ఆ చట్టం నుంచి తప్పించాలని 1974లో సెనేటర్ టవర్ ఒక సవరణ తెస్తే దాన్ని వెనకేసుకొచ్చింది. అది నెగ్గలేదు. 1976లో కోర్టుకెక్కింది. అక్కడా పని జరగలేదు. ఇక ఈ ఆటలు ఆగేవి కావని తేలాక, వీటిని మనమే నడుపుదాం అన్నారు. 1981 జనవరిలో మయామీ సమావేశంలో డివిజన్ వన్, అంటే పెద్ద యూనివర్సిటీల, మహిళల ఛాంపియన్‌షిప్పులకు ఓటు పడింది.

కొత్తగా సభ్యత్వ రుసుము అక్కర్లేదు, ఛాంపియన్‌షిప్‌కు వచ్చే జట్ల దారి ఖర్చులు మావే, టీవీలో కూడా వేయిస్తాం అని మీరంటే, చందాలతో నెట్టుకొస్తున్న సంఘం ఎన్నాళ్లు తట్టుకుంటుంది? 1982 మార్చిలో ఒకే ఆటకు రెండు జాతీయ ఫైనళ్లు జరిగాయి. నార్ఫోక్‌లో మీ మొదటి ఫైనల్, లూసియానా టెక్ 76-62తో చేనీ స్టేట్‌ను ఓడించింది. ఫిలడెల్ఫియా పాలెస్ట్రాలో ఏఐఏడబ్ల్యూ ఆఖరి ఫైనల్, రట్గర్స్ 83-77తో టెక్సస్‌ను ఓడించింది. ఆ జూన్‌తో ఏఐఏడబ్ల్యూ దుకాణం కట్టేసింది. పోటీ లేకుండా చేశారంటూ మీ మీద వేసిన యాంటీట్రస్ట్ దావా వీగిపోయింది, 1984లో అప్పీలూ వీగిపోయింది. చట్టప్రకారం మీరు చేసిందాంట్లో తప్పు లేదని కోర్టులు చెప్పాయి. సరే, ఆ కేసును తిరగదోడడానికి ఈ లేఖ రాయడం లేదు.

కానీ ఆ సంఘం పోతూ పోతూ మీకు ఏం ఇచ్చిపోయిందో చూడండి. జట్లు మీ దగ్గరికొచ్చాయి. కోచ్‌లు వచ్చారు. పదేళ్లు కష్టపడి కూడగట్టిన ప్రేక్షకులు వచ్చారు. కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన పొలాన్ని పాసుబుక్కులో ఎక్కించుకుని, ఆమె పేరు మాత్రం రేషన్ కార్డులో రాయించని అత్తగారిళ్లు మా ఊళ్లల్లో ఉండేవి. మీ పని నాకు అచ్చం అలాగే కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు మనిషి గురించి.

వుడార్డ్ 1959లో విచిటాలో పుట్టారు. చిన్నప్పుడు తోడబుట్టినవాడితో కలిసి సాక్సులు ఉండలా చుట్టి, తలుపు పైనుంచి అవతలికి వేసే ఆట ఆడుకునేవారట. ఆవిడ మొదటి హూప్ ఆ తలుపే. విచిటా నార్త్ హైస్కూల్లో చదివి లారెన్స్‌కు, అంటే కాన్సస్ యూనివర్సిటీకి వచ్చారు. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ పనిచేసిన చోటు అది. బాస్కెట్‌బాల్ దిగ్గజం విల్ట్ ఛాంబర్లెన్ ఆడిన చోటు. అలాంటి యూనివర్సిటీలో మగవాళ్లలో అందరికంటే ఎక్కువ పాయింట్లు డానీ మానింగ్‌వి, 2,951. వుడార్డ్ లెక్క అతని కంటే 698 ఎక్కువ. అంటే మగా ఆడా కలిపి చూసినా ఆ గడ్డ మీద ఆవిడను మించినవాళ్లు లేరు. అక్కడి అరీనా అలెన్ ఫీల్డ్‌హౌస్‌కు వెళ్లి తలెత్తి చూస్తే ఛాంబర్లెన్ జెర్సీ నంబరు 13తో పాటు ఆవిడ 31 కూడా వేలాడుతూ కనిపిస్తుంది.

ఆవిడ ఆడిన నాలుగేళ్లూ ఆల్ అమెరికన్, అంటే దేశంలోని మేటి ప్లేయర్లలో ఒకరు. మ్యాచ్‌కు సగటున 26 పాయింట్లకు పైన. పాయింట్లు కొట్టేవాళ్లు రీబౌండ్లకు, అంటే రింగు తప్పి వెనక్కొచ్చే బంతిని పట్టుకోవడానికి, కష్టపడరని ఒక మాట ఉంది. ఈవిడవి రీబౌండ్లు కూడా 1,700 దాటాయి. 1981లో కాలేజీ మహిళల్లో ఉత్తమ ప్లేయరుకిచ్చే వేడ్ ట్రోఫీ ఇచ్చారు.

ఈ పాయింట్లన్నీ రెండేసి, ఒకటేసి చొప్పున వచ్చినవే. దాని అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత మహిళల ఆటలోకి 1987-88 సీజన్లో గానీ రాలేదు. బంతి కూడా మగవాళ్ల బంతే. చుట్టుకొలతలో అంగుళం తక్కువ, బరువులో రెండు ఔన్సులు తక్కువ ఉండే చిన్న బంతిని కాలేజీ అమ్మాయిల చేతికి 1984-85లో ఇచ్చారు. అంగుళం అంటే ఎంతలే అనిపిస్తుంది. మా అమ్మాయి రోజూ చిన్న బంతితో ఆడుతుంది. ఒకసారి వాళ్ల నాన్న బంతి చేతికిచ్చి ఫ్రీ త్రోలు వేయమన్నాను. మొదటివి రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కొచ్చాయి. తర్వాత దూరం సరిపెట్టుకుంది గానీ, డ్రిబుల్ చేస్తూ దిశ మార్చేటప్పుడు బంతి చేతికి అంటలేదు, జారి పక్కకు పోయింది. "అమ్మా, దీనితో ఆడేవాళ్లా?" అంది. దానితోనే 3,649.

కాలేజీ తర్వాతి సంగతి ఇంకా పెద్దది, గబగబా చెప్పేస్తాను. 1980 ఒలింపిక్స్ జట్టుకు ఎంపికైతే అమెరికా మాస్కోను బహిష్కరించింది. పట్టా చేతికొచ్చే వేళకు దేశంలో ఉన్న ఒక్క మహిళల ప్రొఫెషనల్ లీగూ మూతపడుతోంది. ఇటలీ వెళ్లి ఆడారు. 1984 లాస్ ఏంజెలిస్‌లో బంగారు పతకం గెలిచిన జట్టుకు కెప్టెన్ ఆవిడే. 1985లో, విన్యాసాలతో ఊరూరా ప్రదర్శనలిచ్చే హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ జట్టులో చేరిన మొదటి మహిళ. అంతకు ముందు ఆ జట్టులో ఆడిన గీస్ ఆస్బీ ఆవిడకు బంధువే. తర్వాత జపాన్‌లో ఆడారు, న్యూయార్క్‌లో స్టాక్ బ్రోకరుగా ఉద్యోగం చేశారు. 1997లో మహిళల ప్రొఫెషనల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏ మొదలైనప్పుడు, చాలామంది ఆట మానేసి పదేళ్లయ్యే వయసులో, మళ్లీ బూట్లు కట్టుకుని క్లీవ్‌లాండ్‌కు ఆడారు. 2004లో బాస్కెట్‌బాల్ దిగ్గజాల కోసం పెట్టిన నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. ఇన్నిచోట్ల ఆవిడ ఉన్నారు. లేనిది మీ జాబితాలోనే.

మీ వాదన నాకు తెలుసు. మహిళల ఛాంపియన్‌షిప్పులు మేం మొదలుపెట్టింది 1981-82లో, అంతకు ముందు ఆటలు మేం నడిపినవి కావు, మేం నడపనివాటి లెక్కలు మేమెలా రాస్తాం అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ నియమాన్ని మీరే పాటించడం లేదు. నా గొడవంతా అక్కడే.

ఈ ఏడాది జనవరి 21న స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డర్‌వీర్ 1,203వ విజయం అందుకున్నారు. డ్యూక్ మగపిల్లల కోచ్ మైక్ షషెవ్‌స్కీ 1,202 దగ్గర ఆగిపోయారు కాబట్టి, కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన కోచ్ ఆవిడే అయ్యారు. మీ లెక్కా అదే. ఆనందమే, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆ 1,203 ఎక్కడ మొదలైంది? 1978లో ఐడహోలో. అక్కడ రెండు సీజన్లలో 42 విజయాలు. ఆ తర్వాత ఒహాయో స్టేట్‌లో తొలి సీజన్. ఇవన్నీ మీరు మహిళల బాస్కెట్‌బాల్ మొహం చూడకముందువి. ఆ ఐడహో 42 తీసేసినా చాలు, ఆవిడ ఆ జనవరిలో షషెవ్‌స్కీని దాటేవారే కాదు. టెనెసీ పాట్ సమిట్ సంగతీ అంతే. 1974లో, 22 ఏళ్ల వయసులో పని మొదలుపెట్టారు. మీరు గౌరవంగా చెప్పుకునే 1,098 విజయాల్లో మొదటి ఏడు సీజన్లవి మీ హయాంలోవి కావు.

జనవరిలో ఇదీ లెక్క. ఫిబ్రవరి 15న ఐయోవా సిటీలో మిషిగన్ మీద క్లార్క్ ఎనిమిదో పాయింటు వేసింది. మైదానం మధ్యలో గీసిన బొమ్మ దగ్గర్లోంచి వేసిన త్రీ, అంటే మూడు పాయింట్ల షాట్, అది, ఆట మొదలై రెండున్నర నిమిషాలైనా కాలేదు. అప్పటిదాకా మీ జాబితాలో అందరికంటే పైనున్న కెల్సీ ప్లమ్ 3,527 దాటింది. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యధిక పాయింట్లు అని మీ లెక్కన ప్రకటన. నెల తిరక్కుండానే నియమం మారిపోయింది. కోచ్ గెలిచిన మ్యాచ్‌కు 1978 పనికొస్తుంది. అమ్మాయి కొట్టిన పాయింటుకు 1978 పనికిరాదు.

కాన్సస్‌లో వుడార్డ్‌కు కోచ్ మేరియన్ వాషింగ్టన్. 1973 నుంచి 2004 దాకా అక్కడే ఉన్నారు, 560 విజయాలు. వుడార్డ్ ఆడిన నాలుగేళ్లవీ అందులో ఉన్నాయి. ఒక మ్యాచ్‌కు ఒకటే స్కోరు షీటు ఉంటుంది కదా. కింద ఎవరు గెలిచారో రాస్తారు, పైన ఎవరెన్ని కొట్టారో రాస్తారు. ఆ కాగితం కింది సగం నమ్మదగిందీ పై సగం నమ్మరానిదీ ఎలా అయింది? కింది సగాన్ని నిలబెట్టింది పై సగమే కదా.

ఇంకొకటి ఉంది, ఇది నాకు మరీ విడ్డూరంగా తోచింది. క్లార్క్ పుట్టిన డెమోయిన్‌లోనే డ్రేక్ యూనివర్సిటీ ఉంది. అక్కడ లోరీ బౌమన్ అనే ఆవిడ 1980 నుంచి 1984 దాకా ఆడి 3,115 పాయింట్లు కొట్టారు. మీ జాబితాలో ఏళ్ల తరబడి ఆవిడ పేరు పైవరసలో ఉంది, 120 మ్యాచ్‌లు, 3,115 అని. ఉండాల్సిందే, గొప్ప ప్లేయరు. కానీ నాలుగేళ్లు లెక్కపెట్టండి. మొదటి ఏడాది 1980-81. అప్పటికి మీ మహిళల ఛాంపియన్‌షిప్ పుట్టలేదు. ఆ ఏడాది పాయింట్లు మీ ఖాతాలో చేరిపోయాయి, ఎందుకంటే ఆవిడ ఆ తర్వాత మూడేళ్లు మీ గొడుగు కింద ఆడారు. అదే 1980-81లో వుడార్డ్ ఆఖరి సీజన్ ఆడుతున్నారు. ఒకే ఏడాది, ఒకే సంఘం, ఒకే ఆట. ఒకావిడ పాయింట్లు చెల్లాయి, ఒకావిడవి చెల్లలేదు. మీరు కట్టిన గోడకు ఇన్ని దొడ్డిదారులుంటే, అది సూత్రం కోసం కట్టిన గోడ అని మమ్మల్ని నమ్మమనకండి.

హైదరాబాదుదాన్ని కాబట్టి నాకు ఈ విషయంలో మిథాలీ రాజ్ గుర్తుకు రాకుండా ఉండదు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న అమ్మాయి. 1999 జూన్‌లో మిల్టన్ కీన్స్‌లో ఐర్లాండ్ మీద మొదటి వన్డే, పదహారేళ్ల వయసు, 114 నాటౌట్. 2002 ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద టెస్టులో 214, అప్పటికి ప్రపంచ రికార్డు. అప్పుడు మహిళల క్రికెట్‌కు బీసీసీఐతో సంబంధం లేదు, ఐసీసీతోనూ లేదు. ప్రపంచంలో ఒక వేరే మండలి, మన దేశంలో ఒక వేరే సంఘం నడిపేవి. డబ్బుల్లేవు, రిజర్వేషన్ లేని బోగీల్లో ప్రయాణాలు. 2005లో ఆ మండలి ఐసీసీలో కలిసింది, 2006లో మన దగ్గర బీసీసీఐ చేతికొచ్చింది. బీసీసీఐ మీద మాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి, ఇక్కడ వల్లించను. కానీ ఆ 114, ఆ 214 మా హయాంలోవి కావు కాబట్టి చెల్లవు అని ఎవరూ అనలేదు. వన్డేల్లో మిథాలీ 7,805 పరుగుల లెక్క ఆ ఐర్లాండ్ మ్యాచ్‌లోనే మొదలవుతుంది. మీ పద్ధతిలో లెక్క వేసి ఉంటే మా మిథాలీ కెరీర్ 2005లో మొదలయ్యేది. ఆ మాట హైదరాబాదులో ఎవరితోనైనా అని చూడండి, ఏం వినాల్సొస్తుందో!

మీ దేశంలోదే కావాలంటే మొన్న మే నెలాఖరునే జరిగింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల లెక్కలు తమ పుస్తకంలో కలిపారు. 1920 నుంచి 1948 దాకా ఆడిన 2,300 మందికి పైగా ఆటగాళ్లు అందులో చేరారు. కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్ స్థానంలోకి .372తో జాష్ గిబ్సన్ వచ్చారు. ఆ లీగులను మేజర్ లీగ్ నడపలేదు. నడపకపోవడం అటుంచి, వాళ్లను గడప తొక్కనివ్వలేదు. దొరికిన స్కోరు కాగితాలు, పాత పత్రికలు తిరగేసి ఏళ్ల తరబడి కూర్చి, సరిపోల్చి కలిపారు. గిబ్సన్ 1947లోనే పోయారు. వుడార్డ్ వయసు ఇప్పుడు 64, నిక్షేపంగా ఉన్నారు. డెల్టా స్టేట్‌కు 2,981 పాయింట్లు కొట్టి, ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదటి బాస్కెట్ వేసిన లూసియా హారిస్ 2022 జనవరిలో కన్నుమూశారు. మీరు ఆలోచించుకునే వ్యవధి వీళ్ల ఆయుష్షులోంచే పోతోంది.

అప్పటి ఆట వేరు, ఇప్పటి ఆట వేరు, కలపడం ఎలా అని ఇంకో మాట వినిపిస్తుంది. పీట్ మారవిచ్ సంగతి చూడండి. 1967 నుంచి 70 దాకా లూసియానా స్టేట్‌కు మూడే సీజన్లు, 83 మ్యాచ్‌లు, 3,667 పాయింట్లు. మూడు పాయింట్ల గీత లేదు. మొదటి ఏడాది కుర్రాళ్లను పెద్ద జట్టులో ఆడనివ్వని రోజులు. అయినా 54 ఏళ్లు ఆ అంకెను మీ పుస్తకం పువ్వుల్లో పెట్టుకుంది. ఈ మార్చి 3న ఒహాయో స్టేట్ మీద ఫస్ట్ హాఫ్ చివర్లో ఒక ఫ్రీ త్రోతో క్లార్క్ అతన్ని దాటితే అప్పటి ఆట వేరని ఎవరూ పేచీ పెట్టలేదు. మగవాడి పాత లెక్క లెక్కే. ఆడవాళ్ల పాత లెక్కకు వచ్చేసరికి అందరూ చరిత్రకారులైపోతారు.

ఆ రోజు అరీనాలో వుడార్డ్ కూడా ఉన్నారు. ఆవిడ పేరు పిలిచి పరిచయం చేస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టీవీలో చూస్తున్న నాకు, ఐయోవాలో ఎవరూ నేర్పకుండా వాళ్లకు తెలిసిన మర్యాద ఇండియానాపొలిస్‌లో ఎందుకు కరువైందా అనిపించింది. అంతకు ముందే, ఫిబ్రవరి 28 మ్యాచ్ అయ్యాక, ఐయోవా కోచ్ లీసా బ్లూడర్ బాహాటంగానే చెప్పారు: 1982కు ముందు ఆడిన ఆటను ఎన్‌సీఏఏ గుర్తించకపోవడం తప్పు అని. రికార్డు కొడుతున్నది తన శిష్యురాలే, అయినా చెప్పారు.

ఏప్రిల్‌లో వుడార్డ్ అన్న ఒక మాట మీద చాలా రభస జరిగింది. మగవాళ్ల బంతితో, రెండు పాయింట్ల షాట్లతో ఎవరైనా కొడితే తప్ప నా రికార్డు పోయినట్టు కాదన్న ధోరణిలో మాట్లాడారు. ఆ తర్వాత ఆవిడే, రికార్డు క్లార్క్‌దే, నేను చెప్పదలచుకున్నది ఆట ఎంత మారిందో అన్నదే అని వివరణ ఇచ్చారు. మొదటి మాటకు ఆవిడను ఆడిపోసుకున్నవాళ్లను నేను తప్పుపడతాను. కాగితం మీద పెన్సిలేసుకుని చూడండి: క్లార్క్ కొట్టిన త్రీలు 548. వాటిని రెండేసి చొప్పున లెక్కేస్తే ఆమె 3,951 కాస్తా 3,403 అవుతుంది. ఇలా లెక్కేయడం న్యాయం కాదు, గీత ఉంటే ఎవరైనా గీత అవతలి నుంచే కొడతారు. ఆ దూరం నుంచి కొట్టడం క్లార్క్ సొంత విద్య. కానీ 43 ఏళ్లు జాబితాలో చోటు లేని మనిషి ఒక పూట అంత మాట అనడంలో వింతేముంది? మీ పుస్తకం ముందే నిజం రాసి ఉంటే ఇద్దరు గొప్పవాళ్లను ఎదురెదురుగా నిలబెట్టే ఈ గొడవే వచ్చేది కాదు. చిత్రమేమిటంటే ఇద్దరూ ఆడింది 139 మ్యాచ్‌లే.

క్లార్క్‌ను తగ్గించాలని ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్లు మా ఇంటికి రావచ్చు, గోడ మీద 22 నంబరు జెర్సీ ఉంది. వరసగా రెండేళ్లు జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. సౌత్ కరోలైనాతో ఈ ఏప్రిల్ ఫైనల్‌ను కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు; మగవాళ్ల ఫైనల్ చూసింది కోటిన్నర లోపే. ఆమెను ఆకాశానికెత్తడానికి ఆమె ముందున్నవాళ్లను మాయం చేయక్కర్లేదు. అసలు మాయం చేయడం వల్ల ఆమెకే నష్టం. వుడార్డ్‌ను దాటిన రాత్రి ఆమెకు దక్కాల్సిన ఘనత మీ పుస్తకంలో ఎక్కడుంది?

మీ సంస్థ తనంతట తానుగా కదలదని మాకు అనుభవమే. 2021లో శాన్ ఆంటోనియోలో ఆడపిల్లలకు వ్యాయామం కోసం ఇచ్చిన ఒక్క డంబెల్స్ స్టాండును ఒక ప్లేయరు వీడియో తీసి పెట్టాక గానీ బరువుల గది రాలేదు. మగవాళ్ల జాతీయ టోర్నమెంటుకున్న మార్చ్ మ్యాడ్‌నెస్ అనే పేరు కూడా ఆడవాళ్ల టోర్నమెంటుకు 2022లో గానీ దక్కలేదు. బేకర్ గారూ, ఇవన్నీ మీరు పదవిలోకి రాకముందువి, మీ నెత్తిన రుద్దను. కానీ ఈ జనవరిలో ఈఎస్‌పీఎన్‌తో ఎనిమిదేళ్లకు 92 కోట్ల డాలర్ల ఒప్పందం మీ హయాంలోదే. అందులో ఉన్న 40 ఛాంపియన్‌షిప్పుల్లో పెద్ద వాటా విలువ మహిళల బాస్కెట్‌బాల్‌దేనని మీ సంస్థే చెప్పింది. ఆ ఆటకు ఖాళీ జిమ్ముల్లో ప్రాణం పోసినవాళ్ల పేర్లు రాయడానికి అందులో ఒక్క డాలరు కూడా ఖర్చు కాదు.

నేను అడిగేది ఇది. నవంబరులో కొత్త సీజన్ మొదలయ్యేలోగా, డివిజన్ వన్ మహిళల కెరీర్ పాయింట్ల పట్టికలో క్లార్క్ పేరు కింద ఈ వరస చేర్చండి: లినెట్ వుడార్డ్, కాన్సస్, 1977-81, 139 మ్యాచ్‌లు, 3,649. విడిగా మరో పేజీలోనో, వెనక అనుబంధంలోనో, నక్షత్రం గుర్తు పెట్టో కాదు. అదే పట్టికలో. మాంట్‌క్లేర్ స్టేట్‌కు 3,199 కొట్టిన కారల్ బ్లాజెజౌస్కీని, లూసియా హారిస్‌ను, మిగతావాళ్లను వాళ్ల కాలేజీల స్థాయిని బట్టి సరైన చోట పెట్టండి. చిన్న కాలేజీల లెక్క వేరే ఉండాలంటారా, అలాగే కానివ్వండి. మీకు డివిజన్ టూ, డివిజన్ త్రీ పట్టికలు ఎలాగూ ఉన్నాయి. సౌత్ కరోలైనాలో ఫ్రాన్సిస్ మేరియన్‌కు ఆడి, అంతకు ముందు జూనియర్ కాలేజీలో (ఇక్కడ అది డిగ్రీలో మొదటి రెండేళ్ల కాలేజీ) కొట్టినవాటితో కలిపి 4,061 పాయింట్లు చేసిన పెర్ల్ మూర్‌కు అక్కడ పైవరస ఇవ్వండి. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2021లో ఆవిడను పిలిచి కూర్చోబెట్టుకున్నారు, మీకు ఇబ్బందేమిటి? ఏ కాలేజీ లెక్కలైనా అనుమానంగా ఉంటే ఆ కాలేజీనే స్కోరు షీట్లు అడగండి. కోచ్‌ల విజయాలు లెక్కపెట్టడానికి ఎవరిని అడిగారో వాళ్లనే.

అలా కుదరదంటే రెండో దారి కూడా ఉంది. 1981-82కు ముందువన్నీ తీసేయండి. వాన్‌డర్‌వీర్ ఐడహో విజయాలు, సమిట్ మొదటి ఏడు సీజన్లు, బౌమన్ మొదటి ఏడాది పాయింట్లు, అన్నీ కొట్టేసి కొత్త అంకెలు ప్రకటించండి. అలా చేయాలని నేను కోరడం లేదు, మీరు చేయరనీ తెలుసు. కానీ మీ నియమం నిజంగా నియమమే అయితే చేయాల్సింది ఆ పనే.

క్లార్క్ ఇప్పుడు మీ ఊళ్లోనే, డబ్ల్యూఎన్‌బీఏ జట్టు ఇండియానా ఫీవర్‌కు ఆడుతోంది. ఈ వేసవిలో ఆటకు వెళ్లినప్పుడు ఒక్కసారి ఆమెనే అడగండి, ఆ పట్టికలో తన కింద ఎవరి పేరుండాలో.

మీ జవాబు వచ్చాక, అది ఏదైనా సరే, తెలుగు చేసి ఇక్కడే పెడతాను.

ఇట్లు,
కాన్సస్ నుంచి ఒక తెలుగు ప్రేక్షకురాలు